వ్యాజ్‌లీన్ డబ్బా

మూత తియ్యగానే వాసన గుప్పుమంది. రబ్బరు వాసన, దాని మీద వ్యాజ్‌లీన్, వాటి వెనకాల ఎక్కడో సన్నగా అమ్మోనియా ఘాటు. పాతికేళ్ళుగా రోజూ పీలుస్తున్న వాసనే. కానీ ఆవేళ ల్యాబ్‌లో లేను. వెలంపేటలో ఒక చిన్న ఇంటి వసారాలో, పెద్దకర్మ భోజనాలకి వచ్చిన జనం మధ్య, ప్లాస్టిక్ కుర్చీలో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

మా ల్యాబ్ బాబాయి పోయాడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. స్టూడెంట్లకీ బాబాయే, మాకూ బాబాయే. ఆయనకంటే పెద్దవారైన ప్రిన్సిపాల్ గారు కూడా "బాబాయిని రమ్మనండి" అనేవారు. రిటైరయ్యి ఎన్నాళ్ళో కాలేదు. నిద్రలోనే పోయాడట. గదిలో మేకుకి ఆయన ఖాకీ చొక్కా ఇంకా వేలాడుతోంది. పొట్ట దగ్గర ఆవగింజలంత చిల్లులు. సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్క పడితే ఆరోజు ఏమీ కనబడదు, ఉతికాకే బయటపడుతుంది. కెమిస్ట్రీ వాళ్ళ బట్టలన్నీ అంతే. నా కాటన్ చీరలకీ ఉన్నాయి.

"ఇది మీకిమ్మని ఎప్పుడో చెప్పారు మేడమ్ గారూ. ఎందుకో మాకు తెలీదు" అంది వాళ్ళమ్మాయి.

పాత బిస్కెట్ల రేకు డబ్బా. నాలుగు రబ్బరు రింగులు, సగం అయిపోయిన వ్యాజ్‌లీన్, అడుగున వేలెడు పొడుగు కత్తిరించి దారంతో కట్టిన కాగితం ముక్కలు. ఆ అమ్మాయికి తెలియకపోవడంలో వింత లేదు. ఆ కాగితం ముక్కల సంగతి మా స్టాఫ్‌లోనే ముగ్గురికో నలుగురికో తెలుసు.

* * *

మా కాలేజీ విశాఖ వన్‌టౌన్ వైపు. ఆ మాట అనగానే అందరూ "ఏవీఎన్ కాలేజీయా?" అంటారు. కాదు. అది 1860లో మొదలైంది, సి.వి. రామన్ గారి తండ్రి లెక్చరరుగా పనిచేసిన చోటు. మాకంత చరిత్ర లేదు. మాకున్నదల్లా హార్బరు గాలి, ల్యాబ్ కిటికీలోంచి ఓ ముక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యాహ్నం క్లాసులో పాఠానికి అడ్డొచ్చే ఓడ కూత. ఓడ కూస్తే నేను చాక్‌పీసు ఆపేసేదాన్ని. వెనక బెంచీలవాళ్ళు అదే అదనుగా ఓ ఆవులింత తీసేవారు.

సముద్రం పక్కన ల్యాబ్ నడపడం అంటే తుప్పుతో కాపురం. ఇనప స్టాండ్లకి ఏటా రంగు వెయ్యాల్సిందే. బ్యాలెన్సు అద్దాల పెట్టెలో సిలికా జెల్ నీలంగా పెడితే, వానాకాలంలో చూస్తూండగానే గులాబీ రంగుకి తిరిగేది. తేమ తాగేసిందన్నమాట. బాబాయి దాన్ని మూకుట్లో పోసి, సన్నని సెగ మీద శనగపప్పు వేయించినట్టు వేయించేవాడు. మెల్లిగా మళ్ళీ నీలం రంగు వచ్చేది. కొత్తగా చేరిన పిల్లలు అది చూడ్డానికి పాఠం మానేసి వచ్చేవారు. నా పాఠం కంటే అదే బాగుండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

మార్గశిర మాసం గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో మా రోడ్లన్నీ కిక్కిరిసిపోయేవి. గాజువాక నుంచి వచ్చేవాళ్ళు, భీమిలి నుంచి వచ్చేవాళ్ళు బస్సు ముందే దిగిపోయి నడిచొచ్చేవారు. ఫస్ట్ అవరు అటెండెన్సు ఆరోజు నేను వేసేదాన్ని కాదు. వచ్చిన ఆడపిల్లల నుదుటి మీద తడి పసుపు ఉండేది. బాబాయికి ప్రసాదం పొట్లం వాళ్ళే తెచ్చిపెట్టేవారు.

ఇంకో సంగతి. మా రోజుల్లో పిపెట్, అంటే ద్రావణం కొలిచి తీసే సన్నని గాజు గొట్టం, నోటితో పీల్చేవాళ్ళం. నాలిక్కి తగిలిన రుచిని బట్టి సోడియం కార్బొనేటో, ఆక్సాలిక్ యాసిడో చెప్పేసేవాళ్ళం. ఆక్సాలిక్ యాసిడ్ విషం. అయినా పీల్చాం, పిల్లల చేత పీల్పించాం. బాబాయి ఒక్కడే ప్రతి బ్యాచ్‌కీ వెనకనించి అరిచేవాడు. "నోట్లోకెలితే మింగీకండమ్మా, ఉమ్మీండి! కడిగీసుకోండి!" నోటికి బదులు పీల్చే రబ్బరు బల్బులు కొనమని ఇండెంట్ పెట్టడం, అది ఎక్కడో ఆగిపోవడం ఏటా జరిగేది. చివరికి మాస్కులు వచ్చాకే బల్బులు వచ్చాయి. కరోనా పుణ్యమా అని జరిగిన మంచి ఏదైనా ఉందంటే, మా డిపార్టుమెంటు వరకూ అదొక్కటే.

* * *

2020 మార్చిలో కాలేజీ మూసేటప్పటికి సెకండ్ సెమిస్టర్ ప్రాక్టికల్స్ సగంలో ఉన్నాయి. పదిరోజుల సెలవులే కదా అనుకున్నాం. బోర్డు మీద ఫార్ములా అలాగే ఉంచేశాం, వచ్చాక చెరుపుదాంలే అని.

తర్వాత ఫోన్లో పాఠాలు. మా వంటింట్లో ఆవకాయ జాడీకి ఫోన్ ఆనించి, వెనక గోడకి పిల్లల నల్లబల్ల తగిలించి మొదలుపెట్టాను. "వినిపిస్తోందా?" అన్నది ఆ ఏడాది నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న. తెర మీద నల్ల గళ్ళు, గడికో అక్షరం. అటెండెన్సు తీద్దామంటే సగం మందికి పేర్లుండేవి కావు. ఒకడు ఫోన్ మోడల్ పేరుతో వచ్చేవాడు, ఇంకొకడు వాళ్ళ నాన్న కిరాణా కొట్టు పేరుతో. "కిరాణా కొట్టు, మోలారిటీ అంటే ఏమిటి?" అని అడగాల్సి వచ్చింది నాకు. రోజుకి ఒకటిన్నర జీబీ డేటా, ఇంట్లో ఒకటే ఫోను, చదివేవాళ్ళు ఇద్దరు. అన్నకి పొద్దుట క్లాసు, చెల్లికి మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం ఫోను నాన్నది.

పాడేరు పక్క నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. ఊళ్ళో సిగ్నల్ లేదు. కొండ మీద ఒకచోట రెండు గీతలొస్తాయట, అక్కడికి గొడుగు పట్టుకుని వెళ్ళేది. పాఠం మధ్యలో మెసేజ్ వచ్చేది: "మేడమ్, వాన. దిగిపోతున్నాను." అంతే. ఆ అమ్మాయి దిగిపోయాక నాకు మిగతా పాఠం మీద ధ్యాస ఉండేది కాదు.

ప్రాక్టికల్స్ మాటేమిటి? వీడియోలు చూపించమన్నారు. చూపించాం. పిల్లలు చూసి రికార్డు రాసి, ఫొటోలు తీసి పంపారు. అందరికీ మార్కులు పడ్డాయి. నాకు మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఒకరోజు, ఇంట్లో మనవడికి మా అత్తగారు దిష్టి తీస్తూంటే తట్టింది. దిష్టి నీళ్ళు! పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా తిరుగుతాయి. క్షారం తగిలిందని పసుపు చెబుతోందన్నమాట. అందులోనే నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ పోతే ఒకచోట మళ్ళీ పసుపు రంగుకి వస్తుంది. టైట్రేషన్ అంటే ఇంతకన్నా ఏముంది?

మర్నాడు అందరినీ ఇంట్లోనే చెయ్యమన్నాను. ఎన్ని చుక్కలకి రంగు మారిందో లెక్కపెట్టి పంపమన్నాను. ఆరోజు మొదటిసారి అందరి మైకులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఎవరింట్లోనో వాళ్ళమ్మ గొంతు వినబడింది. "పట్టపగలు ఎవరికే దిష్టి?" ఆ వెనకే నవ్వులు. ఆ ఏడాది ఫోన్లో విన్న నవ్వుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ప్రశ్న వేసిన రోజు ఇంకొకటుంది. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి ఊళ్ళ మీద పడింది. పన్నెండు మంది పోయారు. గోపాలపట్నం వైపు మా పిల్లలు చాలామంది ఉండేవారు. ఆ చీకట్లోనే ఇల్లు వదిలి పరిగెత్తినవాళ్ళు, మేడెక్కినవాళ్ళు, అమ్మమ్మని బండి మీద కూచోబెట్టుకుని సింహాచలం వైపు పోయినవాళ్ళు. మర్నాడు క్లాసు పెట్టలేదు. ఆ తర్వాతి క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. "మేడమ్, స్టైరీన్ అంటే ఏమిటి?" చెప్పాను. చల్లగా ఉంచాలి, అణువులు ఒకదానికొకటి అల్లుకుపోకుండా ఆపే మందు సరిపడా కలపాలి. చల్లదనం తగ్గి మందు చాలకపోతే వాటంతటవే గొలుసుకట్టు కట్టుకుంటూ వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి ఇంకా వేగంగా అల్లుకుంటాయి. పాలిమరైజేషన్ పాఠం అంత నిశ్శబ్దంగా విన్న క్లాసు నాకు మళ్ళీ తగల్లేదు. చెబుతున్న నాకు నోరు ఎండిపోయింది.

* * *

నవంబరులో తెరవమన్నారు. బ్యాచ్‌లవారీగా, రోజు మార్చి రోజు, బెంచీకి ఇద్దరు. పిల్లలు రావడానికి నాలుగు రోజుల ముందు ల్యాబ్ చూసుకుందామని వెళ్ళాను.

గేటు దాటగానే గ్రౌండ్‌లో టమాటా మొక్కలు! లాక్‌డౌన్‌లో రద్దీ తగ్గించడానికి మా గ్రౌండ్‌లో కూరగాయల బజారు పెట్టారు. కుళ్ళినవి పారేసిన చోట మొక్కలు మొలిచి, గోడ పొడుగునా కాయలు కాస్తున్నాయి. వాచ్‌మన్ వాళ్ళావిడ కొంగులో నింపుకుంటోంది.

మేడెక్కుతున్నంతసేపూ నాకు ఒకటే బెంగ. గాజు కుళాయిల బ్యూరెట్లు, అంటే ద్రావణాన్ని కొలిచి చుక్క చుక్కగా వదిలే గాజు గొట్టాలు, నలభై ఉన్నాయి. ఎనిమిది నెలలు. ఎందులోనైనా సోడియం హైడ్రాక్సైడ్ చెమ్మ మిగిలిపోతే క్షారం గాజుని తినేసి కుళాయి, గొట్టం ఒకటైపోతాయి. తిప్పబోతే పుటుక్కుమంటుంది. దానికితోడు మా ఉప్పుగాలి. కొత్తవి కొందామంటే ఆ ఏడాది డబ్బెక్కడిది?

తలుపు తీశాను. బోర్డు మీద మార్చి నాటి ఫార్ములా అలాగే ఉంది. సీసాల మూతల చుట్టూ తెల్లటి పొడి పేరుకుపోయి ఉంటుందనుకున్నాను, హైడ్రోక్లోరిక్ యాసిడూ అమ్మోనియా పక్కపక్కనుంటే ఎప్పుడూ అంతే. లేదు. తుడిచి ఉన్నాయి. అరలో సిలికా జెల్ నీలంగా ఉంది! బ్యూరెట్లన్నీ స్టాండ్లకి తలకిందులుగా ఉన్నాయి. ఒక్కదానికీ కుళాయి బిగించి లేదు. ప్రతి కుళాయీ దాని గొట్టానికే రబ్బరు రింగుతో కట్టి ఉంది, ఒకదాని కుళాయి ఇంకోదానికి పట్టదు కనక. కుళాయికీ గొట్టానికీ మధ్య, అతుక్కుపోకుండా, ఓ కాగితం ముక్క.

"ఎప్పుడు చేశావు బాబాయ్ ఇదంతా?"

"కూరగాయలకని వదిలీవోరు గదమ్మా పొద్దుట. బజారు మన గ్రౌండ్లోనే గదా. వంకాయలు కొనుక్కుని మేడెక్కీసీవోణ్ణి."

"పోలీసులు ఏమీ అనలేదా?"

"ఒకపాలి ఆపినాడు. సంచీలో ఏటున్నాదన్నాడు. వంకాయలూ, వ్యాజ్‌లీనూ అన్నాను. నా మొగం కాసి సూసి ఒగ్గీసినాడు."

ఈ జాగ్రత్త ఆయనకి 2014 అక్టోబరులో వచ్చింది. హుద్‌హుద్ తుఫానుకి ల్యాబ్ కిటికీలు ఊడిపోయి, ఉప్పునీటి జల్లు లోపలికొచ్చి, కరెంటు లేక, రోజుల తరబడి ఎవరం అటువైపు చూళ్ళేదు. తీరా వెళ్ళేసరికి కుళాయిలు బిగుసుకుపోయాయి. వేడినీళ్ళలో పెట్టి, మెల్లిగా తట్టి తిప్పబోతే పద్దెనిమిది బ్యూరెట్లు విరిగాయి. అవి విరిచింది బాబాయి చేతులే. అప్పుడాయన మాట్లాడలేదు. ఆరేళ్ళ తర్వాత వంకాయల సంచీతో మేడెక్కాడు.

నేనేదో అనబోతే ఆయనే అన్నాడు. "మీరందరూ ఫోన్ల పాటాలు సెప్పినారు. నాకు పాటాలేటొచ్చు మేడమ్ గోరూ. కుళాయిలు తిప్పుకున్నాను."

* * *

పిల్లలు వచ్చిన మొదటి రోజు సరదాగా ఉంటుందనుకున్నాను. అదేమీ లేదు. అందరూ మాస్కుల్లో, గోడవారగా, పెళ్ళికి పిలవని చుట్టాల్లా నిలబడ్డారు. గ్రూపుల్లో రాత్రి రెండింటిదాకా కబుర్లు చెప్పుకున్నవాళ్ళు ఎదురుపడితే తలవంచుకు పోతున్నారు. పేరు పిలిస్తే నోటితో "ప్రెజెంట్" అనాలన్న సంగతి మర్చిపోయి ఒకమ్మాయి చెయ్యెత్తింది.

ల్యాబ్‌లో మొదటి గండం శానిటైజరు. గేటు దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి చేతులు తడుపుకుని వచ్చినవాళ్ళు, లోపల నా బల్ల మీద సీసా కనబడగానే మళ్ళీ రుద్దుకుని తిన్నగా బర్నరు దగ్గరికి! అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే. నేను అరిచిన అరుపుకి హార్బరులో ఓడ ఆగి ఉండాలి. సీసా బయటికి పంపించి, లోపల సబ్బే అని రూలు పెట్టాను.

ఆవేళ ప్రయోగం ఆక్సాలిక్ యాసిడ్‌తో పొటాషియం పర్మాంగనేటు. వీడియోలో అందరూ చూసిందే, రికార్డులో అందరూ రాసిందే. ఒకడు కుళాయి కట్టకుండా పైనుంచి పోశాడు. ఊదారంగు నీళ్ళు బల్ల మీదుగా వాడి కొత్త బూట్ల మీదికి పోయాయి. ఇంకొకమ్మాయి అయిదు నిమిషాలకే కేక పెట్టింది. "మేడమ్, ఎండ్ పాయింట్ వచ్చేసింది! ఒక్క చుక్కకే!"

వెళ్ళి చూస్తే ఫ్లాస్కులో నిజంగానే గులాబీ రంగు. అది పోకుండా నిలిస్తేనే ఎండ్ పాయింట్, ప్రయోగం ముగిసినట్టు. మొదటి చుక్క అలాగే మొండికేస్తుంది. ద్రావణం వేడిగా ఉన్నా రంగు పోవడానికి టైమ్ పడుతుంది. కాసేపటికి మాంగనీస్ అయాన్లు పుట్టి, అవే పనిని తొందర చేస్తాయి. అక్కణ్ణించి చుక్క పడ్డం, రంగు పోవడం చకచకా. ఆ సంగతి వీడియోలో ఎందుకు లేదంటే, ఆ నిమిషం కత్తిరించేశారు. చూసేవాళ్ళకి విసుగని.

"ఆగమ్మా, తిప్పుతూ ఉండు" అన్నాను. తిప్పింది. రంగు పోయింది. తలెత్తి నాకేసి చూసింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అప్పుడు గొంతు పట్టుకున్నాను, పాడేరు పక్క నుంచి వచ్చిన అమ్మాయి. "వీడియోలో ఇంతసేపు పట్టలేదు మేడమ్" అంది. ఆరోజు ఆ బ్యాచ్ ముగ్గురు తప్ప ఎవరూ ప్రయోగం పూర్తి చెయ్యలేదు. మధ్యాహ్నం రెండు దాటినా ఒక్కరూ టైమ్ అడగలేదు. బ్యూరెట్‌లో ఊదారంగు ద్రావణానికి వంపు కింది అంచు కనబడదు, పై అంచే చదవాలని బాబాయి బల్ల బల్లకీ తిరిగి చెబుతున్నాడు. నేను చెప్పాల్సిన మాట అది. ఊరుకున్నాను.

మూడు రోజులకి క్యాంటీన్ దగ్గర మాస్కులు గడ్డం కిందికి దిగాయి. టీ కప్పులు పట్టుకుని ఒకరి మొహాలొకరు కొత్తగా చూసుకున్నారు. ఆ తర్వాత గోల మామూలే.

అందరూ రాలేదు. కిరాణా కొట్టు కుర్రాడు కొట్లోనే ఉండిపోయాడు. ఒకమ్మాయి కాళ్ళకి మట్టెలతో వచ్చి, టీసీ తీసుకుని, ల్యాబ్ గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. ఆ రోల్ నంబర్లు కొన్నాళ్ళు అలవాటు కొద్దీ పిలిచి, తర్వాత మానేశాను. 2021 వేసవి గురించి రాయను. మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు. మా స్టాఫ్ రూమ్‌లో రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. రెండోసారి తెరిచినప్పుడు కూడా కుళాయిలకి కాగితాలున్నాయి.

* * *

డబ్బా తీసుకొచ్చి కాలేజీ బీరువాలో పెట్టాను. ఇప్పుడు మా ల్యాబ్‌లో అన్నీ టెఫ్లాన్ కుళాయిల బ్యూరెట్లే. వాటికి వ్యాజ్‌లీన్ అక్కర్లేదు, బిగుసుకోవు. కొత్త అటెండర్ కుర్రాడు చురుకైనవాడు, సిలికా జెల్ ఓవెన్లో పెడతాడు. మూకుడు ఎక్కడికి పోయిందో తెలీదు.

వేసవి సెలవులకి ముందు రోజు సామాను లెక్కపెడుతూంటే, పైఅరలో పాత గాజు కుళాయిల బ్యూరెట్లు ఏడు బయటపడ్డాయి. రైటాఫ్ చెయ్యాలని రిజిస్టర్లో ఉన్నవే. కుర్రాడు వాటిని అట్టపెట్టెలో సర్దబోతూంటే ఆపాను. కుళాయిలు ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, బాబాయి కట్టలోంచి ఒక్కో ముక్కా తీసి మధ్యలో పెట్టాను. పాత ఆన్సర్ షీట్లలోంచి కత్తిరించినవి. ఎవరివో సగం సగం అక్షరాలు. కట్టలో ఆరే ఉన్నాయి.

"ఏటి సేత్తన్నారు మేడమ్? ఇవి పారీసీవే గదా" అన్నాడు కుర్రాడు.

"ఉండు" అని, అటెండెన్స్ రిజిస్టర్ ఆఖరి పేజీ చింపాను.